తీగకు రెండు కొసలు

ఆ వేసవిలో ఎండలు ముదరకముందే నూకయ్య మా బడి మెట్ల మీదికి రావడం మొదలుపెట్టాడు. దిబ్బలపేటలో పెద్దవల పెత్తనం అతనిది. ఊళ్ళో ఏ మాటైనా ముందు అతని నోటి నుంచే రావాలి. అలాంటివాడు పిల్లల భోజనాలయ్యే వేళకి వచ్చి, గ్లాసుడు నీళ్ళు తాగి, "ఎండలు ఈపాలి గట్టిగున్నాయి టీసరమ్మా" అని, కాసేపు సముద్రం వైపు చూసి, లేచి వెళ్ళిపోయేవాడు. అడగవలసింది ఏదో ఉందని తెలుస్తూనే ఉంది. నేనూ అడగలేదు.

చివరికి ఒకరోజు అతని వెంట గురమ్మ వచ్చింది. టెక్కలి సంతలో చేపలమ్ముతుంది, నూకయ్యకి వరసకి మరదలు. ఖాళీ గంప దించి మెట్టు మీద కూలబడింది.

"పడవంత మనిసివి, ఒక్క మాట అడగడానికి నోరు రానేదేటి బావా? రోజూ వొచ్చి బడి నీరు తాగెల్లిపోతన్నావు. జరుగు, నానడుగుతాను."

"ఒసే, నువ్వూరుకో."

"ఊరుకుంటే ఊరికి నీరొస్తాదేటి? టీసరమ్మా, విశాపట్నం నుంచి ఎవులో వొచ్చినారు. ఈ బడి మీద సోలార్ పలకలేస్తారంట. మేడ మీద గదిలో పెద్ద బేటరీలు పెడతారంట. తుపానొచ్చి స్తంబాలన్నీ పడిపోనా బోరు మోటారు ఆడతాదంట. దీపాలెలుగుతాయంట. బడి నీ సేతిలో ఉన్నాది. నువ్వు ఊఁ అనాల."

అనేసి, తనే తలదించుకుని గంపలో అంటుకున్న పొలుసులు గీకడం మొదలుపెట్టింది. నూకయ్య నా మొహం వైపు చూడలేదు.

వాళ్ళకి నోరు రాకపోవడానికి కారణం ఉంది. మా ఇంటాయన జగన్నాధం లైన్‌మన్. కిందటి అక్టోబరులో తిత్లీ తుపాను మా వైపు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలనీ పడుకోబెట్టింది. దసరా సెలవులైనా నాకు తుపాను డ్యూటీ పడి ఈ బడిలోనే ఉన్నాను. ఊరి జనమూ ఇక్కడే ఉన్నారు. ఆయన స్తంభం తరవాత స్తంభం ఎక్కుకుంటూ మా వైపు వస్తున్నారు. ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవు. బోరు మోటారు ఆడించడానికి ట్రాక్టరు మీద అద్దె జనరేటర్ తెచ్చి మోటారు షెడ్డులో కలిపారు. బయటి లైనుకున్న ఫ్యూజు తీసి కలపాలి. తీయలేదు. జనరేటర్ కరెంటు మోటారుకి వెళ్ళినట్టే, వెనక్కి తిరిగి, సబ్‌స్టేషన్‌లో ఆపేసి ఉన్న లైనులోకీ వెళ్ళింది. ఆ లైను మీద, జీడితోట మలుపులో, ఆయన ఉన్నారు.

దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఎవరు కలిపారని అడిగినవాళ్ళకి ఊరు "అందరం కలిపినాం" అని చెప్పింది. నా ఎదుట ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను బదిలీ అడుగుతాననుకున్నారు. అడగలేదు. వచ్చి పిల్లలకి ఎక్కాలు చెప్పుకుంటున్నాను.

"ఆలోచించుకుని చెబుతాను," అన్నాను గురమ్మతో.

ఆ సాయంత్రం టెక్కలిలో మా ఇంటికి ధనరాజు వచ్చాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ లైను అతనిదే. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"వదినా, ఒప్పుకోకండి. విన్నాను నాను."

"ఎందుకు ఒప్పుకోకూడదు?"

"అప్పుడు ఒక్క జనరేటర్, ఒక్క పూట. ఇప్పుడు ఊరే కరెంటు తయారుసేస్తాదంట, పగలూ రాత్రీ. నాను సబ్‌స్టేషన్‌కి ఫోన్ సేసి లైను ఆపించుకుని స్తంభమెక్కుతాను. సబ్‌స్టేషన్ ఆపుతాది. మరి ఈల్లని ఎవులాపుతారు?"

"ఒప్పుకోకపోతే?"

"అలగే ఉంటాది."

"ఇంకో తుపాను వస్తే మళ్ళీ జనరేటర్ తెస్తారు ధనరాజూ. దాహం వేసినవాళ్ళు తేకుండా ఉండరు."

అతను టీ తాగకుండానే వెళ్ళాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ మాత్రం, "అన్న ఉంటే ఏటనేవోడో," అన్నాడు. నేనూ ఆ రాత్రి దాన్ని గురించే ఆలోచించాను. ఆయన ఏమనేవారో తేలలేదు. నాకేం కావాలో మాత్రం తేలింది. స్తంభం ఎక్కిన మనిషి దిగి రావాలి. ఊరికి దీపాలు వెలిగినా, మోటారు ఆడినా ఇది తప్పకూడదు. అలా అయితేనే బడి ఇస్తాను.

మర్నాటి ఆదివారం బడి వరండాలో అందరం కూర్చున్నాం. విశాఖపట్నం సంస్థ తరఫున రాణి అనే ఇంజనీరు అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. బెదురు లేకుండా, విసుగు లేకుండా చెప్పింది. పగలు పలకలు బ్యాటరీలని నింపుతాయి. మామూలు రోజుల్లో ఊరు బయటి లైను మీదే నడుస్తుంది. లైను పోతే బడి కరెంటు అందుకుంటుంది. మోటారుకి, బడిలో దీపాలకి, నర్సమ్మ దగ్గర మందుల ఫ్రిజ్‌కి, వీధికి ఒక్కో దీపానికి సరిపోతుంది.

"మరి టీవీకి?" అంది గురమ్మ.

"టీవీకి రాదు పిన్నీ."

"నా ఐసు పెట్టెకి?"

"దానికీ రాదు. అన్నీ పెడితే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది. అప్పుడు నీళ్ళూ ఉండవు."

"ఓలమ్మా! సూర్యుడు అందరికీ ఒక్కలాగే ఎండ కాస్తన్నాడు గానీ ఈ పిల్ల పెట్టెలో పడ్డాక పిసినారైపోనాడు."

నవ్వారు. రాణి కూడా నవ్వింది. నవ్వులు తగ్గాక నేను అడిగాను. "బయటి లైను బాగు చెయ్యడానికి లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. అప్పుడు ఈ కరెంటు?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో ఆమెకి తెలియదు. నా సంగతీ తెలియదు. "లైను చచ్చిపోతే మన ఇన్వర్టర్ దానంతట అదే విడిపోతుంది మేడమ్. చెయ్యి పెట్టక్కర్లేదు. బయటికి ఒక్క చుక్క కరెంటు కూడా వెళ్ళదు."

"విడిపోయిందని స్తంభం మీదున్నవాడికి ఎలా తెలుస్తుంది?"

రాణి నోరు తెరిచి, ఆగింది. పక్కనున్న నూకయ్య వైపు, మిగిలినవాళ్ళ వైపు చూసింది. అందరూ నేలచూపులు చూస్తున్నారు. ఆమెకి ఏదో అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి, "తెలియదు మేడమ్," అంది. "యంత్రాన్ని నమ్మాలి."

అప్పుడు నూకయ్య గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళుగా మెట్ల మీద మింగుతున్న మాట బయటికి వచ్చింది.

"పెద్దవల లాగినప్పుడు, టీసరమ్మా, రెండు తాళ్ళుంటాయి. ఒక జట్టు ఇక్కడుంటే, ఇంకో జట్టు అల్లక్కడ ఏరు సముద్రంలో కలిసే మొగ కాడుంటాది. మాట వినపడదు. ఈ కొస ముందు లాగితే వల ఒరిగిపోతాది, సేపెల్లిపోతాది. తాడు సుట్టుకుని మనిసే ఎల్లిపోవచ్చు. అందుకే తువ్వాలు. ఆ కొస తువ్వాలు లేస్తేగానీ ఈ కొస సెయ్యి కదపకూడదు. మా తాతల్నాటి నుంచీ ఇదే." ఆగి, అన్నాడు. "తీగకీ రెండు కొసలున్నాయని మాకు తోచనేదు. నీరొస్తే సాలనుకున్నాం."

ఆరు నెలల్లో నా ఎదుట ఆ సంగతి ఎవరైనా ఎత్తడం అదే మొదటిసారి. పిల్లలెవరో పంపు దగ్గర కొట్టుకుంటుంటే గురమ్మ లేచి వెళ్ళి అదిలించి వచ్చింది.

రాణి చాలాసేపు కాగితం మీద గీసుకుంది. యంత్రం ఎలాగూ విడిపోతుంది. దానికి తోడు చేత్తో దించే పెద్ద మీట ఒకటి పెడతానంది. అది దించితే రాగి పలకల మధ్య బెత్తెడు ఖాళీ కంటికి కనబడుతుంది. దించాక లైన్‌మన్ తన తాళం తనే వేసుకోవచ్చు. చెవి అతని జేబులో ఉంటుంది. అతను కావాలంటే మోటారూ దీపాలూ కూడా ఆపి తాళంలో పెట్టవచ్చు. మేడ మీద ఒక మనిషి, స్తంభం కింద ఒక మనిషి ఉండి తువ్వాలు ఊపుకుంటారు.

"మీట దగ్గర ఎవులుంటారు?" అన్నాడు నూకయ్య.

"ఎల్లాజీ," అన్నాను.

ఎల్లాజీ అంతకుముందు ఊరి మోటారు చూసేవాడు. ఫ్యానులు, రేడియోలు, పడవ ఇంజన్లు అన్నీ అతనే బాగు చేసేవాడు. అక్టోబరు తరవాత తీగ ముట్టుకోవడం మానేశాడు. పెద్దవలలో తాడు లాగే కూలికి వెళుతున్నాడు.

"ఆడా?" అంది గురమ్మ. "ఆడింట్లో బల్బు మాడిపోతే ఆడి పెళ్ళామే మార్చుకుంటన్నాది టీసరమ్మా. ఆడు టార్చిలైటు కూడా ముట్టుకోడు."

"ఇంకెవులైనా..." అని నూకయ్య నసిగాడు.

"ఎల్లాజీ అయితేనే బడి ఇస్తాను," అన్నాను.

మర్నాడు బడి గంట కొట్టకముందే ఒడ్డుకి వెళ్ళాను. పడవల నీడలో కూర్చుని ఎల్లాజీ వలకి పడిన చిరుగు కుడుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. నేనూ ఇసకలోనే కూర్చున్నాను.

"నాను ఆ పని సెయ్యలేనమ్మా," అన్నాడు, నేను నోరు విప్పకముందే.

"ఎందుకు?"

"తెలీదేటి మీకు?"

"తెలుసు."

సూది ఆగింది. "ఎప్పటినుంచి?"

"ఆ రోజు నుంచే."

సముద్రం మీంచి ఒక పడవ వస్తోంది. ఆడవాళ్ళు బుట్టలతో అటు పరిగెడుతున్నారు. ఎల్లాజీ వాళ్ళని చూస్తున్నాడు, నన్ను కాదు.

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటడగనేదేటి? కొట్టినా బాగుండును. కేసు పెట్టినా బాగుండును. బడి కాడ కనపడితే, బాగున్నావా ఎల్లాజీ అంటారు. నాకు అన్నం దిగదు తల్లీ."

చెప్పడానికి ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. ఓదార్చడానికి నేను రాలేదు. క్షమించడానికీ రాలేదు. అది నా చేతిలో ఉన్న పనో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఆ పూట ట్యాంకులోకి నీళ్ళొచ్చాయి," అన్నాను. "బిందెతో బడికి తెచ్చారు. ముందు పిల్లలకి పోశాం. తరవాత నేనూ తాగాను ఎల్లాజీ."

అతను చిరుగు చివర ముడి వేసి, దారం పంటితో కొరికాడు.

"వచ్చే సోమవారం నుంచి పని మొదలు. రాణి చెబుతుంది, నేర్చుకో," అని లేచి చీరకి అంటిన ఇసక దులుపుకున్నాను. అతను ఊఁ అనలేదు. సోమవారం మాత్రం అందరికంటే ముందు వచ్చి మేడ మెట్ల కింద నిలబడి ఉన్నాడు.

బడిలో పోలింగు అయ్యి ఓట్ల పెట్టెలు అటు వెళ్ళగానే ఇటు సోలార్ పలకలు వచ్చాయి. ఊరంతా మోసింది. ఇనప చట్రాలు ఎంత గట్టిగా బిగించినా నూకయ్యకి నమ్మకం కుదరక, పడవ తాళ్ళతో ఇంకో చుట్టు కట్టించాడు. రాణి వద్దనలేదు. బ్యాటరీలు పైకెక్కించే రోజున గురమ్మ పసుపు కుంకుమ తెచ్చి వాటికి బొట్లు పెట్టబోతే, ఎల్లాజీ అడ్డం పడ్డాడు.

"అత్తా, ఆ రాగి మొనల కాడ సెయ్యి పెట్టకు! బొట్టు డబ్బాకి పెట్టు, బయటేపు."

"అబ్బో, వొచ్చినాది నోరు," అంది గురమ్మ, నా వైపు ఓరగా చూస్తూ.

మీట దించి, తువ్వాలు ఊపి, మళ్ళీ ఎత్తడం అందరం పిల్లల డ్రిల్లు లాగా చేశాం. స్తంభం దగ్గర ఎవరుండాలన్న మాట వచ్చినప్పుడు నేనుంటానన్నాను. ఎవరూ కాదనలేదు. ధనరాజుని చూసిపొమ్మని కబురు పెడితే వచ్చాడు. రాగి పలకల మధ్య ఖాళీలోకి వంగి చూశాడు. మీట కదిపి చూశాడు. ఎల్లాజీ వైపు మాత్రం చూడలేదు. "పని బాగానే సేసినారు," అన్నాడు నాతో. "ఎక్కేది మీరు కాదు కదా వదినా." అది నిజమే.

మే మొదట్లో ఫణి తుపాను వస్తోందన్నారు. సెలవులైనా నాకు మళ్ళీ తుపాను డ్యూటీ పడింది. జనం చాపలు, మూటలు, కోళ్ళతో బడికి చేరారు. గాలి రాకముందే బయటి కరెంటు ఆపేశారు. ఎల్లాజీ మీట దించాడు. ఒక్క క్షణం చీకటై, బడిలో దీపాలు వెలిగాయి. పిల్లలు ఈలలు వేశారు. ముసలి తాతమ్మ ఒకామె దీపానికి దణ్ణం పెట్టింది. ఆ రాత్రంతా గాలి ఊళ వేసింది. పలకలు రెండు ఊడి జీడితోటలో పడ్డాయి. మిగిలినవి తాళ్ళకి, చట్రాలకి అంటిపెట్టుకుని ఉండిపోయాయి.

తుపాను ఈసారి పెద్ద దెబ్బ ఒరిస్సా వైపు కొట్టింది. మా వైపు కొమ్మలు విరిగాయి, తీగలు తెగాయి. తెల్లారాక ఎండ వచ్చింది, మోటారు ఆడింది. ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టి నీళ్ళు పట్టుకుంటున్నారు. ఈసారి ఏ ఊరికీ జనరేటర్ కోసం ఎవరూ వెళ్ళలేదు.

మధ్యాహ్నానికి ధనరాజు జట్టు జీపు వచ్చింది. తీగ తెగింది జీడితోట మలుపులోనే. నేను గొడుగేసుకుని, తువ్వాలు పట్టుకుని అక్కడికి వెళ్ళేసరికి అతను స్తంభం కింద నిలబడి, నడుముకి బెల్టు కట్టుకుని, ఎక్కకుండా ఊరి వైపు చెవి పెట్టి ఉన్నాడు.

"మోటారు సప్పుడు వినపడతన్నాది వదినా."

"మీట దించే ఉంది. బయటి లైనుకీ దానికీ సంబంధం లేదు."

"తెలుసు. సూసినాను." అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "సబ్‌స్టేషన్‌లోనూ ఆపించినాను. అయినా ఆ సప్పుడు వినపడతన్నంతసేపు నా కాలు లెగదు."

లెక్క ప్రకారం భయం లేదు. కానీ ఎక్కేది నేను కాదు. "పద," అన్నాను.

ఇద్దరం బడికి వచ్చాం. అంతా ఆపమన్నాను. బిందెల వరసలోంచి గోల లేచింది. "ట్యాంకు సగమే నిండినాది!" "మా వంతు వొచ్చినాక ఆపుతారేటి!" ఎవరో కుర్రాడు, "ఆ లైనొస్తే ఎంత, రాకపోతే ఎంత, మనకి కరెంటున్నాది కదా," అన్నాడు.

గురమ్మ తన ఖాళీ బిందె నేలకేసి కొట్టింది. "ఒక్క గంట నీరు నేకపోతే సస్తారేటర్రా!"

అన్నాక తన మాట తనకే వినబడింది. నోరు మూసుకుంది. ఎల్లాజీ అప్పటికే మేడ మెట్లెక్కుతున్నాడు. మోటారు ఆగింది. దీపాలు ఆరాయి. ధనరాజు పైకి వెళ్ళి తన తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, చెవి జేబులో వేసుకున్నాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

మలుపుకి తిరిగి వచ్చాం. బడి మేడ మీద ఎర్ర తువ్వాలు లేచింది. నేను చూపించాను. ధనరాజు చూశాడు. ఎక్కడి నుంచైనా కరెంటు వస్తే నేలలోకి పోయేలా తీగకి గొలుసు కట్టించి, స్తంభానికి దణ్ణం పెట్టి ఎక్కడం మొదలుపెట్టాడు.

అక్టోబరులో నేనిక్కడ లేను. ఇప్పుడు గొడుగు మూసేసి, తలెత్తి, అతని మడమల వైపే చూస్తూ నిలబడ్డాను. ఎండ కళ్ళల్లో పడుతోంది. అతను బెల్టు బిగించుకున్నాడు. చెయ్యి చాచాడు. తీగ పట్టుకున్నాడు. కింద మనుషులు రెండో కొస అందించారు. అతను ముడి తిప్పుతూ కింద ఉన్నవాణ్ణి ఏదో తిట్టాడు, వాడు ఎదురు తిట్టాడు. మామూలు పని మనుషుల మాటలు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

దిగి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, బెల్టు విప్పి, చెట్టు కిందికి వెళ్ళి కూర్చున్నాక అప్పుడు నా చేతిలోని తువ్వాలు పైకెత్తాను. చాలాసేపు ఊపాను.

మేడ మీంచి జవాబు రాలేదు. అక్కడ ఎవరూ కనబడలేదు.

కాసేపటికి బడి దారిలో ఎల్లాజీ కనబడ్డాడు. పరిగెత్తుకుంటూ వస్తున్నాడు, లుంగీ ఎగ్గట్టి, విరిగిన కొమ్మలు దాటుకుంటూ. మా దగ్గరికి వచ్చి రొప్పుతూ నిలబడ్డాడు.

"తువ్వాలు కనపడలేదా?" అన్నాను.

"కనపడినాది టీసరమ్మా." ఊపిరి తిప్పుకున్నాడు. చెట్టు కిందున్న ధనరాజు వైపు చూశాడు. "అయినా ఒకపాలి మనిసిని సూద్దారని."

ధనరాజు అతన్ని ఎగాదిగా చూశాడు. తరవాత రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతులు తిప్పి చూపించాడు. జేబులోంచి తాళం చెవి తీసి అతనికి విసిరాడు.

"సూసినావు కదా. ఎల్లు, నీల్లొదులు. ఆడంగులు తిడతన్నారు."

ఎల్లాజీ చెవి అందుకుని వచ్చిన దారినే తిరిగాడు. ఈసారి పరిగెత్తలేదు. నేనూ గొడుగు విప్పుకుని అతని వెనకే నడిచాను. దూరంగా బడి ముందు బిందెలు వరస తప్పకుండా అలాగే ఉన్నాయి.